గల్లాపెట్టె వెనుక తొమ్మిది దశాబ్దాలు

1930ల్లో తెలుగు పల్లెల్లో పుట్టి, చిన్నతనంలోనే పెళ్లయి, మెట్టినింటి వసారాలోని చిల్లర కొట్టును మొదట భర్తకు సాయంగానూ ఆ తరువాత ఒంటరిగానూ నడిపి, ఆ రాబడితోనే పిల్లలను చదివించి, పెళ్లిళ్లు చేసి, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూస్తున్న స్త్రీల తరం ఇప్పుడు వేగంగా వెళ్లిపోతోంది. వారు పోయిన తరువాత కుటుంబాలు చెప్పుకునే మాటల్లో ఓర్పు, ప్రేమ, చేతివంట, దైవభక్తి తప్పక ఉంటాయి గాని, ఐదారు దశాబ్దాల పాటు ఒక ఊరి సరుకుల సరఫరానూ అరువుల లెక్కనూ మోసిన వ్యాపారి గురించిన వివరం అంతగా కనిపించదు. తల్లితనమూ వ్యాపారమూ ఆమె జీవితంలో ఒకే గడప మీద సాగాయి కనుక, రెండవదాన్ని వదిలేసి మొదటిదాన్ని మాత్రమే తలుచుకుంటే ఆ స్మరణ సగమే అవుతుంది. పైగా అటువంటి స్త్రీ జీవితకాలంలో నాణేలు మారాయి, తూకాలు మారాయి, ఆస్తి చట్టాలు మారాయి, ఊరి తిండీ అలవాట్లూ మారాయి. ఈ మార్పులన్నీ ఆమె చేతుల మీదుగానే పల్లె ఇళ్లలోకి వెళ్లాయి.

కొట్టు స్వరూపం

కోస్తా జిల్లాల్లో చిల్లర కొట్టు అనీ, తెలంగాణలో కిరాణం దుకాణం అనీ వ్యవహరించే ఈ వ్యాపారానికి వేరే భవనం ఉండేది కాదు. ఇంటి ముందరి అరుగో, వీధి గదో కొట్టుగా మారేది. వెనుక వంటిల్లు, పెరడు, పశువుల పాక యథాప్రకారం ఉండేవి. ఉప్పు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం, కందిపప్పు, గానుగ నూనె, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, బీడీలు, పసుపు, కుంకుమ, కర్పూరం మొదలైనవి అక్కడ దొరికే ప్రధానమైన సరుకులు. వారానికొకసారి జరిగే సంతలో గాని, దగ్గరి పట్టణంలోని టోకు వర్తకుల దగ్గర గాని సరుకు తెచ్చి, దాన్ని పొట్లాలుగా, సీసా కొలతలుగా విడగొట్టి అమ్మడమే చిల్లర వ్యాపారం.

ఈ విడగొట్టే పనిలోనే స్త్రీ శ్రమ అధికంగా ఉండేది. పప్పు చెరగడం, మిరపకాయల తొడిమలు తీయడం, చింతపండులో గింజలు ఏరడం, బెల్లం దిమ్మను ముక్కలు చేయడం, పాత కాగితాలతో పొట్లాలు కట్టి పురికొస చుట్టడం వంటివన్నీ ఇంటిపనిలో భాగంగా జరిగిపోయేవి కనుక, అవి సరుకు విలువను పెంచే పనులన్న ఎరుక ఎవరికీ ఉండేది కాదు. సంతకు వెళ్లి బేరమాడి సరుకు తెచ్చిన పురుషుడు వర్తకుడిగా గుర్తింపు పొందేవాడు. అదే సరుకును శుభ్రం చేసి, తూచి, అమ్మి, బాకీ గుర్తుపెట్టుకుని వసూలు చేసిన స్త్రీ, ఊరి దృష్టిలో ఇంట్లో ఉండే మనిషిగానే మిగిలేది.

చాలా ఊళ్లలో ఈ వ్యాపారం వైశ్య కుటుంబాల చేతుల్లో ఉండేది గాని, ఇతర కులాల స్త్రీలు కూడా బడ్డీ కొట్లు, కూరగాయల అంగళ్లు నడుపుతూ వచ్చారు. కొట్టు తలుపు కులాన్ని బట్టి వేర్వేరుగా తెరుచుకునేదన్న సత్యాన్ని కూడా ఈ చరిత్రలో దాచకూడదు. దళితులు అరుగు ఎక్కకుండా కింద నిలబడి సరుకు అడగడం, డబ్బు నేల మీద పెట్టడం, పొట్లం పైనుంచి జారవిడవడం వంటి అమానుషమైన పద్ధతులు పల్లె కొట్లలో నడిచాయి. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం దుకాణంలోకి రానివ్వకపోవడాన్నీ, సరుకు అమ్మడానికి నిరాకరించడాన్నీ శిక్షించదగిన నేరాలుగా ప్రకటించింది. ఆ తరం స్త్రీలలో ఈ ఆచారాన్ని కొనసాగించినవారూ ఉన్నారు, కాలక్రమేణా వదిలిపెట్టినవారూ ఉన్నారు. వారి జీవితాలను నిజాయితీగా రాసేవారు రెండింటినీ రాయవలసి ఉంటుంది.

బడి లేని గణితం

1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో స్త్రీల అక్షరాస్యత 8.86 శాతం మాత్రమే. అంటే ఈ తరం స్త్రీలలో అత్యధికులకు పలక పట్టే అవకాశమే రాలేదు. అయినా కొట్టులో కూర్చున్న స్త్రీకి రోజూ అవసరమైన లెక్క చిన్నది కాదు. ఆనాటి రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానులు. రెండు అణాలను బేడ అనీ, నాలుగు అణాలను పావలా అనీ వ్యవహరించేవారు. హైదరాబాద్ సంస్థానంలో వీటికి తోడు నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా చలామణిలో ఉండేది. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సుమారుగా సమానం కనుక, కల్దార్ అని పిలిచే బ్రిటిష్ రూపాయితో సరిహద్దు గ్రామాలకు ఎవరైనా వస్తే మారకం లెక్క కూడా నోటితోనే కట్టవలసి వచ్చేది.

తూకాలు మరింత చిక్కైనవి. మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల్లో బరువుకు వీసె ప్రధానమైన ప్రమాణం. ఒక వీసెకు 40 పలాలు, పలానికి మూడు తులాలు, అంటే వీసె ఇప్పటి లెక్కలో దాదాపు 1.4 కిలోలు. వీసెలో నాలుగో వంతు పదలం, ఎనిమిదో వంతు ఏబలం, ఎనిమిది వీసెలు ఒక మణుగు. ధాన్యం, పప్పు, నూనె వంటివాటికి గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం అనే కొలపాత్రలు వేరుగా ఉండేవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ప్రాంతాన్ని బట్టి పాత్రల పరిమాణంలో తేడాలు ఉండేవి. వీసె ధర చెబితే ఏబలం ఎంతవుతుందో, ఒక కానీకి ఎన్ని మిరపకాయలు వస్తాయో క్షణంలో చెప్పగలిగిన ఆ స్త్రీలు భిన్నాలతో గుణకారభాగహారాలు చేస్తున్నామని అనుకోకుండానే చేసేవారు.

ఈ లెక్కలన్నీ కొద్ది ఏళ్ల వ్యవధిలో తారుమారయ్యాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయా పైసలు వచ్చాయి. పావలా సరిగ్గా 25 పైసలకు సమానమైనా, అణాకు లెక్క ప్రకారం రావలసిన 6.25 పైసలను నాణేల్లో ఇవ్వడం సాధ్యం కాదు కనుక, ప్రభుత్వ పట్టికలో అణాకు 6, రెండు అణాలకు 12, మూడు అణాలకు 19 పైసలుగా నిర్ణయించారు. దీని ఫలితంగా నాలుగు సార్లు అణా సరుకు కొన్నవారికి 24 పైసలూ, ఒకేసారి పావలా సరుకు కొన్నవారికి 25 పైసలూ అయ్యేవి. ఈ ఒక్క పైసా తేడాను ఎవరు భరించాలన్న ప్రశ్న ఢిల్లీలో కాక ప్రతి పల్లె కొట్టు ముందూ తేలవలసి వచ్చింది. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా మెట్రిక్ తూకాలు అమలులోకి వచ్చినప్పుడు వీసె, సేరు స్థానంలో కిలో, గ్రాము ప్రవేశించాయి. కొత్త గుండ్లు కొనడంతో ఈ మార్పు పూర్తి కాలేదు. పాత ధరను కొత్త తూకంలోకి మార్చి, మోసం జరగడం లేదని నిరక్షరాస్యులైన కొనుగోలుదారులకు నచ్చజెప్పే పని కూడా కొట్టు నడిపేవారి మీదే పడింది. దశాంశ పద్ధతిని దేశానికి నేర్పినవారిలో బడిపంతుళ్లతో పాటు ఈ స్త్రీలనూ లెక్కించడం న్యాయం.

అరువు అనే వ్యవస్థ

పల్లె కొట్టు ప్రధానంగా అరువు మీద నడిచేది. కోస్తాలో అరువు, తెలంగాణలో ఉద్దెర అని పిలిచే ఈ పద్ధతిలో సరుకు ముందు వెళ్తుంది, డబ్బు తరువాత వస్తుంది. రైతుకు పంట చేతికి వచ్చినప్పుడూ, కూలీకి కూలి డబ్బులు అందిన రోజునా మాత్రమే చేతిలో నగదు ఉంటుంది కాని, పొయ్యి రోజూ వెలగాలి. ఈ రెంటి మధ్య ఉన్న ఎడాన్ని కొట్టు పూడ్చేది. నూర్పిళ్ల తరువాత బాకీని ధాన్యంగా తీర్చడం, కోడిగుడ్లో పెరటి కాయగూరలో ఇచ్చి ఉప్పు, మిరపకాయలు తీసుకోవడం కూడా చాలాకాలం సాగాయి.

బాకీలు రాసే చిట్టాలో అక్షరం రాని స్త్రీ ఇంట్లో చదువుకునే పిల్లవాడి చేత పద్దులు రాయించేది, లేదా గోడ మీద బొగ్గుతో గీతలు గీసి గుర్తు పెట్టుకునేది. ఎవరికి ఎంతవరకు అరువివ్వాలన్న నిర్ణయానికి ఆమె ఆధారపడింది ఊరి గురించిన పరిజ్ఞానం మీద: ఎవరి పొలంలో నీరు పారుతోంది, ఎవరి ఇంట్లో కాన్పు దగ్గరపడింది, ఎవరి కొడుకు పట్నంలో పనికి కుదిరాడు, ఎవరి భర్త కూలి డబ్బును సారా దుకాణంలో పోస్తున్నాడు అన్న సంగతులు ఆమెకు తెలిసేవి. ఈనాటి బ్యాంకులు రుణగ్రహీత తీర్చగల శక్తిని అంచనా వేయడానికి ఎన్నో పత్రాలు అడుగుతాయి. ఆమె అంచనా మనుషులను ఎరిగి ఉండడం మీద నిలిచింది.

కొట్టులో స్త్రీ కూర్చోవడం వల్ల ఊరి స్త్రీలకు కలిగిన సౌలభ్యం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. బియ్యం నిండుకున్నాయన్న మాటను పరాయి పురుషుడి ముందు పదిమంది వినేటట్లు చెప్పడం కంటే మరో స్త్రీ చెవిన వేయడం వారికి సులభంగా ఉండేది. దాచుకున్న చిల్లరను ఇంటి పురుషుల కంటపడకుండా భద్రపరచడానికీ, పురిటి మందులకూ, కూతురి గాజులకూ చిన్న మొత్తాలు సర్దుబాటు చేసుకోవడానికీ కొట్టు ఒక ఆసరా అయింది. అరువుకు మరో ముఖం కూడా ఉంది. బాకీ ఉన్నవారు ఎక్కువ ధరకైనా అక్కడే కొనవలసి రావడం, కొలతలో కోత పడడం, ధాన్యం అప్పుకు అధిక వడ్డీ కట్టవలసి రావడం గ్రామాల్లో అరుదైన విషయాలు కావు. అందువల్ల పంట పోయిన సంవత్సరంలో బాకీని వచ్చే ఏటికి వాయిదా వేసి, సోల నిండాక మరో చిటికెడు కొసరు వేసిన స్త్రీని ఊరు ఎందుకంతగా గుర్తుపెట్టుకుంటుందో తెలుసుకోవాలంటే, అలా చేయనివారు కూడా ఉండేవారన్న సంగతిని మరువకూడదు.

వైధవ్యం, ఆస్తి, అధికారం

స్త్రీలు కొట్టు బాధ్యతను పూర్తిగా స్వీకరించిన సందర్భాలలో భర్త మరణం ముఖ్యమైనది. బాలికల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిన శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చినా, పల్లెల్లో బాల్యవివాహాలు కొనసాగాయి. వధూవరుల మధ్య వయసు తేడా ఎక్కువగా ఉండేది. దేశం స్వతంత్రమైన కాలానికి సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు మాత్రమే. ఈ పరిస్థితుల్లో పాతిక, ముప్పై ఏళ్ల వయసులో పిల్లలతో ఒంటరిగా మిగలడం ఎందరికో అనుభవమైంది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించి ఏడు దశాబ్దాలు గడిచినా, పిల్లల తల్లికి పునర్వివాహం పల్లెల్లో దాదాపు ఊహకందని విషయంగానే ఉండేది. ఆమెకు కావలసింది జీవనాధారం. దాన్ని కొట్టు ఇచ్చింది. శుభకార్యాల్లో వితంతువు ఎదురు రాకూడదని పక్కకు తప్పించిన సమాజమే, ఆ శుభకార్యానికి కావలసిన పసుపు కుంకుమల కోసం తెల్లవారుజామున ఆమె తలుపు తట్టవలసి వచ్చేది.

చట్టం ఆమెకు నిదానంగా తోడైంది. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం బ్రిటిష్ ఇండియాలో వితంతువుకు భర్త వాటాలో హక్కు కల్పించింది గాని, అది ఆమె బతికి ఉన్నంతవరకు అనుభవించడానికే తప్ప స్వేచ్ఛగా అమ్ముకోవడానికి వీలులేని పరిమిత హక్కు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఆ పరిమితిని తొలగించి, స్త్రీ ఆస్తిపై ఆమెకు సంపూర్ణ హక్కునిచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వ హయాంలో ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానమైన వాటాను కల్పించగా, అదే సూత్రం 2005లో దేశమంతటికీ విస్తరించింది. చట్టాలు ఇలా మారినా, పల్లె కొట్టు బోర్డు మీద భర్త పేరో, కొడుకు పేరో, ఇలవేల్పు పేరో ఉండేది; ఇంటి పత్రాలూ, బ్యాంకు ఖాతా కూడా పురుషుల పేరిటే సాగేవి. దశాబ్దాల శ్రమతో నిలబెట్టిన వ్యాపారం మీద ఆమెకు అధికారం ఉన్నా, దస్తావేజు మాత్రం ఉండేది కాదు.

లెక్కకు అందని శ్రమ

తెల్లవారకముందే కళ్లాపి చల్లి, పాలు పితికి, పొయ్యి వెలిగించి, పిల్లలను బడికి సిద్ధం చేసే పనికీ కొట్టు తలుపు తీయడానికీ మధ్య ఆమెకు విరామం ఉండేది కాదు. చంటిబిడ్డ ఉయ్యాల గల్లాపెట్టె పక్కనే ఉండేది. కాస్త పెద్దయిన పిల్లలు చిల్లర లెక్కపెడుతూ ఎక్కాలు నేర్చుకునేవారు. ఆ పిల్లల చదువులు ఊరి బడి నుంచి పట్టణపు కళాశాలలకూ, అక్కడి నుంచి హైదరాబాదు, బెంగళూరు, అమెరికాలకూ సాగిన కుటుంబాలు నేడు రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తాయి. ఆ చదువులకు పెట్టుబడి అణాలుగా, పైసలుగా ఇంటి వసారాలోనే పోగైంది.

ఇంతటి శ్రమ ప్రభుత్వ లెక్కల్లో సరిగా నమోదు కాలేదు. కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనిని కూడా జనాభా లెక్కల నిర్వచనం పనిగానే పరిగణిస్తుంది. కాని గణకుడు ఇంటికి వచ్చినప్పుడు, ఆమె ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుందన్న జవాబు కుటుంబం నుంచి రావడం పరిపాటి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. కొట్టు నడిపే స్త్రీ ఈ ఐదు గంటల ఇంటిపనికి అదనంగా రోజంతా వ్యాపారం చేసింది. 2013-14లో జరిగిన ఆరవ ఆర్థిక గణన దేశంలో స్త్రీల యాజమాన్యంలోని సంస్థలు దాదాపు 80 లక్షలనీ, మొత్తం సంస్థలలో అవి 14 శాతం లోపేననీ తేల్చింది. వాటిలో ఐదింట నాలుగింటికి పైగా ఒక్క కూలిమనిషి కూడా లేకుండా నడుస్తున్నవే. దాదాపు మూడింట రెండు వంతులు గ్రామాల్లో ఉన్నవే. ఈ లెక్కలోకి చేరనివారు, అంటే భర్త పేరుతోనో కొడుకు పేరుతోనో కొట్టు నడుపుతున్నవారు ఇంకా ఎందరో ఉన్నారు.

మారిన సరుకు, మారిన ఊరు

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైన తరువాత పేదల ఇళ్లలో బియ్యం అరువు తగ్గింది; ఆ మేరకు కొట్టు వ్యాపారమూ మారింది. తమిళనాడులోని కడలూరుకు చెందిన కుటుంబ సంస్థలు 1980 దశకంలో ప్రచారంలోకి తెచ్చిన షాంపూ సాచెట్ల బాటలో కాఫీ పొడి, సబ్బు పొడి, కొబ్బరి నూనె కూడా చిన్న ప్యాకెట్లుగా వచ్చి కొట్టు ముందు తోరణాలుగా వేలాడాయి. చిన్న మొత్తాల్లో అమ్మడం పల్లె కొట్టుకు కొత్త కాదు. కాని కొలత, ధర రెండూ కర్మాగారంలోనే నిర్ణయమై ముద్రపడి రావడంతో కొసరు వేసే అవకాశమూ, తక్కువ తూచే అవకాశమూ ఆమె చేతిలోంచి ఒక్కసారే పోయాయి. కొనేవారికి భద్రత పెరిగింది, చేయి చాచి ఇచ్చే ఔదార్యానికి చోటు తగ్గింది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతటా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. కూలి డబ్బు సారాకు పోతే ఉప్పు పప్పుల బాకీ పెరుగుతుందన్న సత్యం కొట్టు చిట్టాలో ప్రతి వారం కనిపించేది కనుక, ఆ ఉద్యమపు ఆర్థిక తర్కం ఈ స్త్రీలకు ఎవరూ వివరించనవసరం లేకుండానే అర్థమై ఉంటుంది. ఆ తరువాత డ్వాక్రా సంఘాల విస్తరణతో స్త్రీల పేరు మీదే బ్యాంకు రుణాలు రావడం, వాటితో ఇతర కులాల స్త్రీలు కూడా కొట్లు పెట్టుకోవడం సాధ్యమైంది. 2011 జూన్ ముగిసేనాటికి పావలా నాణెం చెల్లకుండా పోయింది. 2016 నవంబరులో 500, 1000 రూపాయల నోట్ల రద్దు జరిగినప్పుడు, పాత అరువు పద్ధతి మరొకసారి ఊళ్లను కొన్ని వారాల పాటు నిలబెట్టింది. ఇప్పుడు అదే గడప మీద క్యూఆర్ కోడ్ అతికించి ఉంది. అణాల కాలంలో లెక్క నేర్చిన స్త్రీ, ఫోను పలికే మొత్తాన్ని విని సరుకు అందించే దశ వరకు జీవించింది.

మలివయసుకు మాత్రం ఆమె వృత్తి ఏ భరోసానూ ఇవ్వలేదు. చిరు వ్యాపారుల కోసం 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పింఛను పథకం అరవై ఏళ్లు దాటినవారికి నెలకు 3,000 రూపాయలు వాగ్దానం చేస్తుంది గాని, అందులో చేరడానికి వయసు 18 నుంచి 40 ఏళ్ల మధ్య ఉండాలి. జీవితమంతా వ్యాపారిగా గడిపిన వృద్ధురాలికి వ్యాపారిగా పింఛను లేదు. వితంతువుగానో, వృద్ధురాలిగానో మాత్రమే సహాయం అందుతుంది. ప్రభుత్వం ఆమెను చూసే తీరు, కుటుంబం ఆమెను గుర్తుపెట్టుకునే తీరు ఇక్కడ ఒకటే.

చేయవలసిన పని

సాధారణ స్త్రీల మాటలతో చరిత్రను రాయవచ్చునని తెలుగు సమాజానికి ఇదివరకే తెలుసు. తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ అందుకు గట్టి నిదర్శనం. పోరాటాల్లో పాల్గొన్నవారి జ్ఞాపకాలకు ఉన్న విలువే, ఒక ఊరిని అర్ధశతాబ్ది పాటు ఆకలి నుంచి కాచినవారి జ్ఞాపకాలకూ ఉంది. కొట్టు నడిపిన తల్లులు ఇంకా బతికి ఉన్న ఇళ్లలో, సరుకు ఎక్కడ తెచ్చారు, ఏ ధరకు అమ్మారు, ఎవరికి అరువిచ్చారు, ఏ కరువులో ఎంత వదులుకున్నారు, అంటు పాటించారా, ఎప్పుడు మానారు అన్న ప్రశ్నలు అడిగి, వారి జవాబులను వారి గొంతులోనే నమోదు చేయాలి. అటక మీది పాత చిట్టాలను, కొలపాత్రలను, తూకపు గుండ్లను పాత సామానుకు అమ్మేయకుండా కాపాడాలి. కళాశాలల చరిత్ర, అర్థశాస్త్ర విభాగాలు తమ విద్యార్థుల చేత ఈ పని చేయించాలి. సంస్మరణ పత్రికలో ఆమె పేరు పక్కన ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అన్న మాటలతో పాటు వ్యాపారి అన్న మాటను కూడా చేర్చడం ప్రతి కుటుంబమూ ఈరోజే చేయగల పని.